సదరం లెక్కకు రాని గాయం

2025 ఏప్రిల్ 8న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురికి కింది కోర్టు వేసిన ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. జస్టిస్ కె. లక్ష్మణ్, జస్టిస్ పి. శ్రీసుధల ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. ఆ రోజు టీవీల వాళ్లు బాధితుల ముందు మైకులు పెట్టి అడిగింది ప్రధానంగా ఒక్కటే: ‘న్యాయం జరిగిందనుకుంటున్నారా?’ అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ 2013 నుంచి ఇప్పటిదాకా వాళ్లను ఎవరూ సరిగ్గా అడగని ప్రశ్న ఇంకొకటుంది. రాత్రి నిద్ర పడుతోందా? ఆ రోడ్డు దాటగలుగుతున్నారా? ఇంట్లో మీ పని ఎవరు చేస్తున్నారు?

2013 ఫిబ్రవరి 21, గురువారం, సాయంత్రం ఏడు గంటల వేళ. ఒక బాంబు 107 బస్టాప్ దగ్గర, ఇంకొకటి దానికి కూతవేటు దూరంలో ఏ1 మిర్చి సెంటర్ దగ్గర పేలింది. సైకిళ్లకు కట్టిన బాంబులు. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. రోడ్డు ఒక్కటే అయినా పోలీసు హద్దులు వేరు కాబట్టి ఒక కేసు మలక్‌పేట స్టేషన్‌లో, ఇంకొకటి సరూర్‌నగర్ స్టేషన్‌లో నమోదయ్యాయి. తర్వాత రెండూ ఎన్ఐఏ చేతికి వెళ్లాయి. 157 మంది సాక్షుల్ని విచారించి 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. అక్కడి నుంచి హైకోర్టు తీర్పుకు ఇంకో ఎనిమిదేళ్లకు పైగా. ఆ తీర్పు నాటికి సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఇంకా మిగిలే ఉండింది.

గాయపడ్డవాళ్ల జాబితాలో కులం రాయరు. రాయాలని నేను అడగడం లేదు. కానీ పొద్దుగూకినాక బస్టాప్‌లో నిలబడేదెవరో మనకు తెలుసు. కారున్నవాడు 107 నంబరు బస్సు కోసం ఎదురుచూడడు. కోచింగ్ సెంటర్ల నుంచి బయటపడి మిర్చి బజ్జీలతో రాత్రి భోజనం కానిచ్చే పిల్లలు, షాపుల్లో నిలబడి కాళ్లు లాగుతున్న సేల్స్ అమ్మాయిలు, తోపుడు బండ్ల వాళ్లు, ఎల్బీనగర్ అవతలి కాలనీలకు తిరిగిపోయే కూలీలు. దెబ్బ తగిలేటప్పుడు బాంబు కులం చూడదు, నిజమే. దెబ్బ తగిలిన తెల్లారి నుంచి మాత్రం కులం, కూలి, అద్దె ఇల్లు అన్నీ వచ్చి మంచం చుట్టూ కూర్చుంటాయి. ఎవరికి జీతంతో సెలవు దొరుకుతుంది? ఎవరికి నాలుగు నెలలు కూర్చుని తినేంత నిల్వ ఉంది? ఎవరి ఇంట్లో ఒక మనిషి పని మానేసి పక్కన ఉండగలరు?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. చనిపోయిన వారి కుటుంబాలకు రాష్ట్రం తరఫున 6 లక్షలు, ప్రధాని సహాయ నిధి నుంచి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి కేంద్రం నుంచి 50 వేలు ప్రకటించారు. వైద్యం ఖర్చు భరిస్తామన్నారు. ఇవన్నీ మొదటి రెండు రోజుల ప్రకటనలు. గాయం మాత్రం మొదటి రెండు రోజులది కాదు.

మన ఆసుపత్రుల బోర్డుల మీద ‘ట్రామా’ అని ఉంటుంది. ఆ మాట చదివితే మనకు స్ట్రెచర్, రక్తం, విరిగిన ఎముక కనిపిస్తాయి. మానసిక వైద్యంలో అదే మాటకు ఇంకో అర్థం ఉంది. ఒక ఘోరం జరిగిపోయాక కూడా అది మనిషి లోపల జరుగుతూనే ఉండటం. ఉన్నట్టుండి ఆ క్షణం కళ్ల ముందుకు రావడం, ఆ చోటికి పోలేకపోవడం, సిలిండర్ దించిన చప్పుడుకు గుండె జారిపోవడం, నిద్ర రాకపోవడం, ఇంట్లోవాళ్ల మీద కారణం లేకుండా విరుచుకుపడటం. దీనికి పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా వైద్యుల జాబితాలోకి ఎక్కింది 1980లో, అదీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఏళ్ల తరబడి కొట్లాడితే. అంటే పెద్ద రాజ్యం కోసం తుపాకీ పట్టినవాళ్లకే ఆ గుర్తింపు ఊరికే రాలేదు. సెంట్రింగ్ పనిలో కింద పడ్డవాడికి ఎప్పటికి వస్తుందో మరి.

ఈ విషయం పుస్తకంలో చదవక ముందే నాకు మంచం మీద తెలిసింది. 2021 సెప్టెంబర్‌లో ఒక వాన రాత్రి మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లు దాటి బండి మీద వస్తుంటే వెనక నుంచి ఒక కారు కొట్టి వెళ్లిపోయింది. కుడి తొడ ఎముక, మోకాలి కింద ఎముక రెండూ విరిగాయి. రాడ్ వేశారు. మూడు ఆపరేషన్లు, ఎనిమిది నెలలు. పీహెచ్‌డీలో చేరిన కొత్త. హాస్టల్ దోస్తులు వంతులేసుకొని రాత్రుళ్లు కాపలా ఉన్నారు. అమ్మ నల్గొండ జిల్లా నుంచి పత్తి ఏరే పని వదిలేసి వచ్చి నా మంచం కిందే చాప పరుచుకుంది.

జనరల్ వార్డులో ఎదురు మంచం వాళ్లు మొదటి నాలుగు రోజులు మాతో బాగానే ఉన్నారు. వాళ్లింటి నుంచి వచ్చిన పప్పుచారు అమ్మకూ పోసేవాళ్లు. ఐదో రోజు ఆ పెద్దామె మెల్లగా అడిగింది, ‘మీరేమోళ్లు?’ అని. అమ్మ దాచలేదు. ఆ పూట నుంచి టిఫిన్ డబ్బా మూత మా వైపు తెరుచుకోలేదు. గొడవేమీ జరగలేదు, ఒక్క మాటా అనలేదు. కాలు నొప్పికి గోలీ ఉంది కాబట్టి తట్టుకున్నా. దీనికి ఏం వేసుకోవాలో తెలియక ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నా. ‘నొస్తున్నదా కొడుకా’ అని అమ్మ అడిగితే ‘ఆ’ అన్నా.

అప్పుడు నాకు గుర్తొచ్చింది చాలీస్‌గావ్. 1929 అక్టోబర్‌లో అంబేడ్కర్ అక్కడ రైలు దిగితే ఆయన్ని ఎక్కించుకోవడానికి టాంగా వాళ్లు ఒప్పుకోలేదు. తమ నాయకుణ్ని నడిపించి తీసుకుపోవడం అవమానమని అక్కడి మహర్లు టాంగా మాత్రం కిరాయికి తీసుకొని, తోలడం రాని తమ మనిషినే తోలమన్నారు. కల్వర్టు దగ్గర చక్రం రాళ్లలో ఇరుక్కుంది. అంబేడ్కర్ బండ మీద పడ్డారు, కాలు విరిగింది, టాంగా నీళ్లలో పడింది. ‘వీసా కోసం ఎదురుచూస్తూ’ అనే తన అనుభవాల రచనలో ఆయన ఈ సంగతి రాశారు. గమనించండి, విరిగిన కాలి గురించి ఆయన రాసింది చాలా తక్కువ. పెద్ద చదువులు చదివిన బారిస్టర్ కన్నా తాను ఎక్కువని ఒక టాంగావాలా ఎట్లా అనుకోగలుగుతున్నాడన్న దాని మీదే ఆయన ఆలోచన నిలిచింది. మనవాళ్ల గాయాలు చాలా వరకు ఇట్లాంటివే. దెబ్బా అవమానమూ ఒకే బండిలో వస్తాయి. ఆసుపత్రి దెబ్బను చేర్చుకుంటుంది, అవమానాన్ని గేటు దగ్గరే దింపేస్తుంది.

పక్క మంచం మీద పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రి ఉండేవాడు. రెండో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము పూస దెబ్బతిన్నది. భార్య వచ్చినా మాట్లాడేవాడు కాదు, డాక్టరు వచ్చినా తల ఊపేవాడంతే. అన్నం వద్దనేవాడు. పదో రోజో పదకొండో రోజో అడ్డా మీద నుంచి నలుగురు కూలీలు వచ్చారు. అందులో ఒకతనికి ఎడమ చెయ్యి మణికట్టు దాకా లేదు. అతను మంచం మీద కూర్చొని ‘నాకూ గంతే అనిపించింది అన్నా, ఆర్నెల్లు. ఎవ్వని మొఖం సూడబుద్ది గాలే’ అన్నాడు. అంతకన్నా పెద్దగా చెప్పిందేమీ లేదు. ఆ రాత్రి మేస్త్రి అన్న అన్నం అడిగాడు. నర్సమ్మ ఆశ్చర్యపోయింది. నేను ఇప్పుడు చదివే పుస్తకాల్లో దీన్ని తోటి బాధితుల తోడ్పాటు అంటారు. దీనికి ఎక్కడా బడ్జెట్ పద్దు కనిపించదు.

ఇక లెక్కల సంగతి. మన రాష్ట్రంలో గాయం ప్రభుత్వానికి కనిపించాలంటే సదరం సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు సదరం స్థానంలో యూడీఐడీ కార్డు వస్తోంది. పేరేదైనా అడిగేది శాతమే. 40 దాటితే పింఛను, దాటకపోతే లేదు. పింఛను 4,016 రూపాయలు. దాన్ని 6 వేలు చేస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ ఇచ్చిన మాట ఇంకా మాటగానే ఉంది. నాకు బోర్డు వేసిన శాతం 40కి లోపే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, నేను నడుస్తున్నాను. కానీ ఏడాదిపాటు నేను ఆ రైల్వే బ్రిడ్జి కిందికి పోలేకపోయాను. చాదర్‌ఘాట్ పోవాలంటే మూసారాంబాగ్ నుంచి అంబర్‌పేట చుట్టు తిరిగి పోయేవాణ్ని. వాన మొదలైతే గది దాటేవాణ్ని కాదు. ఆ ఏడాది నా పరిశోధనలో ఒక్క అధ్యాయం ముందుకు పోలేదు. దీనికి శాతమెంత?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మానసిక అనారోగ్యమూ ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందడాన్ని హక్కు చేసింది. కాగితం మీద రెండు చట్టాలూ మంచివే. కానీ కాలు విరిగి వచ్చినవాడికి కాలుకే పరీక్ష. ఎముకల డాక్టరు చీటీ మీద ‘మానసిక వైద్యుణ్ని కలవండి’ అన్న వాక్యం రాయకపోతే ఆ హక్కు ఉన్నట్టు రోగికి తెలిసే దారి లేదు.

అట్రాసిటీ బాధితుల విషయంలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 2016లో సవరించిన నిబంధనల ప్రకారం దాడిలో నూటికి నూరు శాతం అశక్తులైతే 8.25 లక్షలు, 50 నుంచి 100 శాతం మధ్యనైతే 4.5 లక్షలు, 50 లోపైతే 2.5 లక్షలు. వైద్య నివేదిక వచ్చాక సగం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక సగం. ఈ డబ్బు కోసం మనవాళ్లు ఎన్ని ధర్నాలు చేశారో, ఇప్పటికీ కలెక్టరేట్ల చుట్టూ ఎన్ని చెప్పులు అరుగుతున్నాయో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకని దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఊరి నడుమ కొట్టించుకున్న మనిషి మళ్లీ అదే ఊరి నడుమ నుంచి నడిచి పోవాలి. కొట్టినవాడి కిరాణా షాపు ముందు నుంచే బిడ్డను బడికి పంపాలి. ఆ భయానికి పట్టికలో గడి లేదు. చట్టంలోని 15ఎ సెక్షన్ విచారణ కాలంలో బాధితుల సామాజిక, ఆర్థిక పునరావాసం రాజ్యం బాధ్యత అంటుంది. ఆ ‘సామాజిక’ అన్న మాటను పట్టుకొని మానసిక ఆసరాను కూడా డిమాండ్ చేయాల్సిన పని మన సంఘాల మీద ఉంది. ఇంతవరకు మనం ఎఫ్ఐఆర్, పరిహారం, శిక్ష, ఈ మూడింటి దగ్గరే ఆగాం. ఆగడానికి కారణం కూడా ఉంది, అవే సరిగా దక్కలేదు.

సుప్రీంకోర్టు ఒక విషయం మాత్రం బాగా చెప్పింది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో, 2010లో, శరీరానికి వేసిన శాతమూ బతుకుదెరువులో పోయిన శాతమూ ఒకటి కావని తేల్చింది. చెయ్యి పోయిన డ్రైవరు, వడ్రంగి బతుకు పూర్తిగా ఆగిపోవచ్చు, అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం సాగవచ్చు. రోడ్డు ప్రమాదాల పరిహారానికి చెప్పిన సూత్రమిది. ఇదే తర్కాన్ని మనసు దాకా ఎందుకు తీసుకుపోకూడదు? ఎత్తు చూస్తే వణుకు పుట్టే సెంట్రింగ్ మేస్త్రికి నడుము బాగైనా పని పోయినట్టే కదా.

మరి మనవాళ్లు ఇన్నాళ్లు ఎట్లా బతికారు? ఒకరికొకరై బతికారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయాక, బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరారు. అక్కడ శిబిరం వెలిసింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబడ్డారు, దళిత మహాసభ పుట్టింది. మళ్లీ ఆ ఊరికి పోమన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ శిబిరాన్ని మనం ఎప్పుడూ రాజకీయ చరిత్రగానే చదివాం. ఇంకో రకంగా కూడా చదవాలని నాకు అనిపిస్తుంది. దెబ్బలు తిన్న మనుషులు ఒంటరిగా నాలుగు గోడల మధ్య ఉండకుండా, ఒకేచోట, తమ మీద జరిగింది తమ తప్పు కాదని పదిమంది ముందు చెప్పుకోగలిగిన చోటు అది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో గానీ రాలేదు. ఆ 23 ఏళ్లు వాళ్లను నిలబెట్టింది తీర్పు కాదు. తీర్పునే నమ్ముకుంటే ఏమవుతుందో చుండూరు చూపించింది. 1991లో ఎనిమిది మందిని చంపిన కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొని, 2007లో శిక్షలు వేయించుకుంటే, 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది.

అయితే వాడ ఆసరాను మరీ పొగడటం కూడా నాకు ఇష్టం లేదు. ‘మనకు మనమే ఉన్నాం’ అనే మాట కింద ఎప్పుడూ ఒక ఆడమనిషి చాకిరి ఉంటుంది. బెడ్‌పాన్ తీసేది, రాత్రి లేచేది, తిట్లు పడేది, తన కూలి పోగొట్టుకునేది అమ్మో భార్యో చెల్లెలో. ఎనిమిది నెలల్లో మా అమ్మ పోగొట్టుకున్న కూలిని ఏ పరిహారంలోనూ ఎవరూ రాయలేదు. నా కోపమంతా పడింది ఆమె మీదే. ఆమె ఎవరితో చెప్పుకుందో నేను ఇప్పటికీ అడగలేదు.

ఇంకో రకం గాయపడ్డవాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు ఎత్తుకుపోయి హింసించిన ముస్లిం యువకులకు, తర్వాత నిర్దోషులని తేలాక, 2012లో ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. మలక్‌పేట, సైదాబాద్, పాతబస్తీల్లో ప్రతి పేలుడు తర్వాతా తలుపు ఎప్పుడు తడతారోనని భయపడ్డ ఇళ్లు ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ బాధితుల గురించి రాస్తూ వీళ్లను కలపడం కొందరికి నచ్చదు. కానీ చప్పుడుకు ఉలిక్కిపడే గుండె ఇద్దరిదీ ఒక్కటే. ఒకరికి బాంబు చప్పుడు, ఇంకొకరికి తలుపు చప్పుడు.

ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు నగరం ఇచ్చే జవాబు ఎర్రగడ్డ. మలక్‌పేట మెట్రో స్టేషన్‌లో మియాపూర్ వైపు రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో వైద్యులున్నారు, మందులున్నాయి. కానీ మన భాషలో ‘ఎర్రగడ్డకు పోవాలె నువ్వు’ అనేది తిట్టు. నేనూ చిన్నప్పటి నుంచి ఆ తిట్టు వాడినవాణ్నే. 2022లో ఒక దోస్తు తోడు రాకపోతే ఆ స్టేషన్‌లో దిగేవాణ్ని కాదు. దిగాను. ఆరు నెలలు మందులు వాడాను. డాక్టరు నన్ను పిచ్చివాడిలా చూడలేదు. ‘వాన పడినప్పుడు ఏమనిపిస్తుంది?’ అని అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి దొరకడానికి పది నెలలు పట్టింది. ఇప్పుడు టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంటి నుంచి కదలలేనివాళ్లకు మొదటి మెట్టుగా అది పనికొస్తుంది.

అసలు విచిత్రమేమంటే, వికలాంగుల సంక్షేమ శాఖ రాష్ట్ర కార్యాలయం ఉన్నది మలక్‌పేటలోనే, నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర. చంకకర్రలకు, మూడు చక్రాల బండ్లకు, వినికిడి మిషన్లకు జనం అక్కడికే వస్తారు. పేలుడు జరిగిన బస్టాప్ నుంచి అది రెండు మూడు కిలోమీటర్లు. బండి ఇచ్చే చోటే ఒక సలహాదారుణ్ని, కొత్తగా గాయపడ్డవాళ్లతో మాట్లాడటానికి పాతగా గాయపడ్డ ఇద్దరు మనుషుల్ని జీతమిచ్చి కూర్చోబెట్టడం ఎంత పని? కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్ ఆసుపత్రి కడుతున్నారు. విజయవాడ హైవే మీద, సాగర్ రోడ్డు మీద జరిగే ప్రమాదాలన్నీ రేపు అక్కడికే వస్తాయి. అక్కడ ట్రామా అనే బోర్డు పెడితే ఆ మాటకున్న రెండో అర్థానికీ ఒక గది ఉండాలని ఇప్పుడే అడగాలి, కట్టాక కాదు. అటెండెంట్‌గా ఉన్న మనిషికి రోజుకూలి లెక్క కట్టి ఇవ్వాలని కూడా. డిశ్చార్జ్ అయిన నెలకు, ఆర్నెల్లకు, ఏడాదికి ఆశా కార్యకర్త ఇంటికి పోయి అడిగే ప్రశ్నల్లో నిద్ర గురించి ఒకటి ఉండాలి. ఆశాలకు ఆ పనికి వేరే డబ్బు ఇవ్వాలి, వాళ్ల నెత్తిన ఊరికే వేయడం కాదు.

మేస్త్రి అన్న ఇప్పుడు సెంట్రింగ్‌కు పోవడం లేదు. ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు, నడుముకు బెల్టు వేసుకొని కూర్చుంటాడు. తొలకరి పడ్డ రోజు ఫోన్ చేస్తాడు. ‘తమ్మీ, ఆడ వాన పడుతున్నాదే?’ అంటాడు. పడుతోంది అన్నా అంటాను. ‘యాడున్నవ్?’ అంటాడు. గదిలోనో, రోడ్డు మీదో, ఉన్న చోటు చెప్తాను. పోయిన ఏడాది ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఆ బ్రిడ్జి దాటి ఇవతల టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. బండి మీద కాదు, నడిచే దాటాను. చెప్తే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మ ఎట్లుందని అడిగాడు.